తెలిసి కొనేవాళ్ళు, తెలియక అమ్మేవాళ్ళు: పాత వస్తువుల బేరంలో ధర్మం

పాత నాణెం, నోటు, తపాలా బిళ్ళ, తాళపత్రం, పటచిత్రం వంటి వాటిని, వాటి విలువ ఎరగనివాళ్ళ దగ్గర తక్కువ ధరకు కొనడం న్యాయమేనా అన్నది సేకరణ అనే అలవాటు పుట్టినప్పటి నుంచీ ఉన్న ప్రశ్న. ఇందులో దొంగతనం లేదు, బలవంతం లేదు. చాలాసార్లు అబద్ధం కూడా ఉండదు. అడిగినంత ఇచ్చి వస్తువు తీసుకుంటారు, ఇద్దరూ తృప్తిగానే విడిపోతారు. కొన్నాళ్ళకు అదే వస్తువు వేలంపాటలో వందల రెట్లు పలికిందని చెవిన పడితే మాత్రం అమ్మినవాళ్ళ కడుపు మండుతుంది. కొన్నవాళ్ళు తమ చదువుకు దక్కిన ఫలమే అది అంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉండడం వల్లనే ఈ ప్రశ్న చట్టానికీ ధర్మానికీ మధ్య ఇన్ని శతాబ్దాలుగా నలుగుతోంది.

ఈ వ్యాసం ఆ ప్రశ్నను నిజామాబాద్, బోధన్ ప్రాంతాన్ని ఆధారంగా చేసుకుని పరిశీలిస్తుంది. ధర ఎలా తెలుస్తుందన్న విషయంలో ఈ ప్రాంతానికి గట్టి అనుభవం ఉంది. చెరకు ధర సీజను ముందే ప్రకటించాలని, పసుపు ధర మార్కెట్ యార్డు అయిన గంజ్‌లో అందరి ముందూ తేలాలని ఇక్కడి రైతు పోరాడి నేర్చుకున్నాడు. అదే రైతు ఇంట్లోని ట్రంకు పెట్టెలో ఉన్న తాతల నాటి వస్తువుకు ధర చెప్పే చోటు మాత్రం ఈనాటికీ లేదు.

పెట్టెల్లో ఉండేవి

ఇందూరు అన్న పాత పేరున్న నిజామాబాద్, దానికి పడమర ఉన్న బోధన్ 1948 దాకా నిజాం రాజ్యంలోనివి. ఆ రాజ్యానికి సొంత నాణెం, సొంత నోటు, సొంత తపాలా ఉండేవి. జనం హాలీ సిక్కా అనీ, ఉస్మానియా సిక్కా అనీ పిలిచిన రూపాయి ఒకవైపు, బ్రిటిష్ వారి కల్దారు రూపాయి మరోవైపు చలామణీ అయ్యేవి. సుమారు ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు వచ్చేవి. పాత సిక్కాల మూటలు ఈ జిల్లా ఇళ్ళలో ఇంకా బయటపడుతూనే ఉంటాయి.

హాలీ రూపాయిని చేతిలోకి తీసుకుంటే పదకొండు గ్రాములకు కాస్త పైన తూగుతుంది, అంటే తులానికి కొంచెం తక్కువ. వందలో 82 పాళ్ళ వరకు వెండి. ఒక ముఖాన చార్మినార్, ఆ కట్టడం ద్వారం నడుమ చిన్న ఉర్దూ అక్షరం ఒకటి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలపు నాణెమైతే అక్కడ మీమ్ ఉంటుంది, ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలానిదైతే ఐన్ ఉంటుంది. 1911లో ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కిన కొత్తల్లో ముద్రించిన వాటిలో ఆ ఐన్ కురచగా ఉంటుంది, తరువాతి వాటిలో నిండుగా ఉంటుంది. నాణేల పుస్తకాలు ఈ రెంటినీ వేర్వేరు రకాలుగా చూపిస్తాయి. బియ్యపు గింజంత చోటులో ఉన్న ఆ తేడాను పట్టుకోవడానికి భూతద్దం, హిజ్రీ సంవత్సరం చదవడం, కొన్నేళ్ళ అలవాటు కావాలి. అత్త ముల్లెలోంచి నాణెం తీసి ఇచ్చిన కోడలికి అది వెండి అని మాత్రమే తెలుసు.

నోట్లదీ ఇలాంటి కథే. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో వెండికి కటకట రావడంతో నిజాం ప్రభుత్వం 1918లో కరెన్సీ చట్టం తెచ్చి నోట్లు వేసింది. ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ అక్షరాలు కూడా ఉన్న నోట్లవి. లండన్ నుంచి బొంబాయికి బయలుదేరి 1922 మే నెలలో ఫ్రాన్సు తీరానికి దూరంగా మునిగిపోయిన ఈజిప్ట్ అనే ఓడలో హైదరాబాదు నోట్లు కూడా ఉన్నాయి. 1930లలో ఇటలీ గజ ఈతగాళ్ళు అందులోని బంగారంతో పాటు సంతకాలు పడని ఆ నోట్లను కూడా పైకి తెచ్చారు. ఉప్పునీటికి నాని, రంగు వెలిసిన ఆ కాగితాన్ని తెలియనివాళ్ళు చెడిపోయిన నోటనుకుంటారు. తెలిసినవాళ్ళు దాని కోసమే వెతుకుతారు.

తపాలా బిళ్ళలు 1869లో మొదలై 1950లో నిజాం తపాలా భారత తపాలాలో కలిసేదాకా నడిచాయి. పాత ఉత్తరాల కట్టను పొయ్యిలో వేసేముందు కవరు మీది బిళ్ళను ఎవరో ఒకరు చూస్తే అది బతుకుతుంది.

వీటికి తోడు బోధన్‌ది మరీ పాత నేల. అశ్మక జనపదపు రాజధాని పోదన ఇదేనని చరిత్రకారులు చాలామంది భావిస్తారు. జైన శిల్పాలు దొరికిన చోటు. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ, దాని చుట్టూ పెరిగిన శక్కర్‌నగర్ కాలనీ, 2015 డిసెంబరులో పడిన తాళం, ఇవన్నీ ఈ ఊరి చరిత్రే. మూతపడిన కంపెనీల పాత వాటా పత్రాలను సేకరించేవాళ్ళు ప్రపంచమంతటా ఉన్నారు. ఫ్యాక్టరీ పేరు అచ్చయిన కాగితం ఏ కార్మికుడి ఇంట్లో ఉన్నా రేపు దానికీ గిరాకీ వస్తుంది.

బేరం జరిగే తీరు

పాత వస్తువు ఇల్లు దాటే దారులు మూడు. మొదటిది వెండి బంగారు దుకాణం. పెండ్లికో, దవాఖానకో, పిల్లల ఫీజుకో డబ్బు అవసరమై గుడ్డమూట విప్పుతారు. నాణేలన్నీ ఒకేసారి కాంటా మీదికి చేరతాయి. తరుగు తీసేసి, ఆనాటి వెండి రేటు కట్టి లెక్క చెబుతారు. అక్షరమూ సంవత్సరమూ ఎవరూ చూడరు. ఇందులో చాలా నాణేలు ఆ వారమే కరిగిపోతాయి. కొద్దిగా చదువుకున్న వ్యాపారి అయితే బాగున్న నాలుగింటిని పక్కన పెట్టి సేకరణదారుకు కబురు పెడతాడు.

రెండోది వీధిలోకి వచ్చే బండి. పాత సామాన్లకు ఉల్లిగడ్డలు, ప్లాస్టిక్ బుట్టలు, స్టీలు గిన్నెలు ఇచ్చే బండ్లు తెలంగాణ పల్లెల్లో అందరికీ తెలిసినవే. ఇత్తడి గంగాళం, కంచు చెంబు, దీపపు సెమ్మె అన్నీ కిలోల లెక్కన వెళ్ళిపోతాయి. వాటిలో నగిషీ పని ఉన్నదీ, లేనిదీ ఒకటే తూకం. మూడోది, ఇల్లు వెతుక్కుంటూ వచ్చే దళారి. ఏ ఊళ్ళో పాత గడీ కూలిందో, ఏ పంతులుగారి ఇంట్లో తాళపత్రాలున్నాయో అతనికి ముందే తెలుసు. ధర్మసంకటం అసలు మొదలయ్యేది ఈ మూడో దారిలోనే.

ఈ వస్తువులు చివరకు చేరే చోట్లలో హైదరాబాదులోని జుమ్మేరాత్ బజారు, ఆబిడ్స్ కాలిబాట మీది ఆదివారపు పాత పుస్తకాల సంత పేరుపొందినవి. 1949లో జాగీర్ల రద్దు తరువాత కొన్ని పెద్ద కుటుంబాలు రాబడి పోయి, ఇంట్లోని వస్తువులను గుట్టుగా అమ్ముకోవలసి వచ్చింది. గుట్టుగా అమ్మేవాళ్ళు పదిమందిని ధర అడగలేరు. అవసరంలో ఉండి, పరువుకు వెరచి, ఒక్కరినే నమ్మి అమ్మిన వస్తువులు అలా ఎన్ని చేతులు మారాయో చెప్పే లెక్క లేదు.

అదే కాలంలో హైదరాబాదుకు వచ్చిన చిత్రకారుడు జగదీశ్ మిత్తల్, ఆయన భార్య కమల పరిమితమైన ఆదాయంతోనే వేలాది కళాఖండాలు సేకరించి, 1976లో వాటిని మ్యూజియంగా, ట్రస్టుగా మార్చారు. కథ చెప్పేందుకు గుడ్డ మీద గీసే తెలంగాణ నకాశీ పటాలకు కళాచరిత్రలో చోటు దక్కడంలో ఆ సేకరణ పాత్ర పెద్దది. పద్మశాలీల మార్కండేయ పురాణం వంటి కులపురాణాలను చెప్పే కళాకారుల దగ్గర పటం చివికిపోతే, కొత్తది రాయించుకుని పాతదాన్ని శాస్త్రోక్తంగా నదిలో వదిలే ఆచారం ఉండేది. అంటే కథ చెప్పేవాళ్ళ దృష్టిలో పాత పటం ఆయుష్షు తీరినది. దాన్ని కొన్నవాళ్ళు అన్యాయం చేశారా, గోదారి పాలు కాకుండా కాపాడారా? రెండు ప్రశ్నలూ వేయవలసినవే. కాపాడిన మేలు నిజమైనదే అయినా, ధర విషయంలో జవాబు చెప్పే బాధ్యతను అది తీర్చదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

కోటిలింగాల నాణేలు

ఈ విషయంలో తెలుగునేల మీద అన్నిటికన్నా ఎక్కువ నేర్పే ఉదాహరణ కోటిలింగాల. బోధన్‌కు దగ్గరలోని కందకుర్తి వద్ద మంజీరను, హరిద్రను కలుపుకుని తెలంగాణలో అడుగుపెట్టే గోదావరి, పోచంపాడు దాటి దిగువకు పోయాక, పెద్దవాగు వచ్చి కలిసే చోట ఉన్న ఊరది. ఒకప్పుడు కరీంనగర్ జిల్లా, ఇప్పుడు జగిత్యాల జిల్లా. వాన వెలిసిన తరువాత అక్కడి దిబ్బల మీద సీసపు, రాగి బిళ్ళలు తేలేవి. ఊరివాళ్ళకు అవి కరిగించుకునే లోహం.

ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరి శర్మ ఆ బిళ్ళలను ఊరివాళ్ళ దగ్గర ఓపికగా సేకరించి, శాసన పరిశోధకుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి దృష్టికి తెచ్చారు. వాటి మీది బ్రాహ్మీ లిపిని చదివితే గోబద, నారన, కంవాయసిరి, సమగోప అన్న పేర్లు బయటపడ్డాయి. శాతవాహనులకు ముందు ఇక్కడ ఏలిన రాజులు వీరు. ఆ పేర్లు ఏ పురాణంలోనూ లేవు. శాతవాహన వంశానికి మూలపురుషుడైన సిముకుడి నాణేలు కూడా అక్కడే దొరికాయి. 1970ల చివర, 1980ల మొదట్లో రాష్ట్ర పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. తెలంగాణ చరిత్ర మొదటి అధ్యాయాన్ని తిరగరాయవలసి వచ్చింది.

అరచేతిలో పట్టే ఆ సీసపు ముక్కకు మూడు విలువలు ఉన్నాయి. లోహపు విలువ కొన్ని పైసలు. సేకరణదారుల బజారులో పలికే విలువ వేరు. గోబద అనే రాజు ఉన్నాడని చెప్పే విలువ మూడోది. ఈ మూడోది నాణెంలో మాత్రమే లేదు, అది ఏ దిబ్బ మీద, ఏ పొరలో, వేటితో కలిసి దొరికిందన్న సమాచారంలో ఉంది. దొరికిన చోటు తెలియని నాణెం సగం మూగది. రహస్యంగా కొనే దళారి అమ్మేవాడికి ధర చెప్పకపోవడమే కాదు, కొనేవాళ్ళకు ఊరి పేరు కూడా చెప్పడు. చెబితే ఇంకొకరు ఆ ఊరికి వెళతారు. కనుక తెలియనివాళ్ళ దగ్గర గుట్టుగా కొనే ప్రతి బేరంలో అమ్మినవాళ్ళతో పాటు చరిత్ర కూడా నష్టపోతుంది. నైతిక చర్చలు ఎక్కువగా ఇద్దరి మధ్య డబ్బు లెక్కగానే సాగి, ఈ మూడో నష్టాన్ని వదిలేస్తాయి.

చట్టం ఏమంటుంది

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ఈ ప్రశ్నకు దాదాపు నేరుగా జవాబిస్తుంది. 17వ సెక్షన్ ప్రకారం, మాట్లాడవలసిన బాధ్యత ఉంటే తప్ప ఊరకే మౌనంగా ఉండడం మోసం కాదు. ఆ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి: ఇద్దరు వ్యాపారులు బేరం కుదుర్చుకుంటున్నారు, ధరలు మారాయన్న సంగతి ఒకరికే తెలుసు, దాన్ని రెండో వారికి చెప్పవలసిన పని లేదు. 20వ సెక్షన్ వివరణ ఇంకా స్పష్టం. వస్తువు విలువ గురించి పొరపాటు పడడం, వాస్తవం గురించి పొరపాటు పడడం కిందికి రాదు. 25వ సెక్షన్‌లో వెయ్యి రూపాయల గుర్రాన్ని పది రూపాయలకు అమ్మిన ఉదాహరణ ఉంది. మనస్ఫూర్తిగా ఒప్పుకుని ఉంటే ఆ బేరం చెల్లుతుంది.

ఇంతవరకే చదివి చాలామంది సేకరణదారులు ఊపిరి పీల్చుకుంటారు. పక్కనే ఉన్న ఉదాహరణలను కూడా చదవాలి. అమ్మేవాడితో కొనేవాడు, నువ్వు కాదనకపోతే ఈ గుర్రం ఆరోగ్యంగా ఉందనే అనుకుంటాను అంటాడు. అమ్మేవాడు పలకడు. ఇక్కడ మౌనం మాటతో సమానం అని 17వ సెక్షనే చెబుతుంది. దీన్ని మన బేరానికి తిప్పి చూద్దాం. ముసలమ్మ నాణెం చేతికిస్తూ, “ఇది మామూలు రూపాయే గదా బిడ్డా, వెండి ధర వస్తే చాలు” అంటుంది. కొనేవాడు తల ఊపి డబ్బు లెక్కపెడతాడు. ఇది 20వ సెక్షన్ కిందికి వచ్చే ధర పొరపాటా, 17వ సెక్షన్ కిందికి వచ్చే మౌనమా? ఆమె అడిగింది ధర గురించి కాదు, వస్తువు ఏమిటన్న దాని గురించి. అక్కడ మౌనానికి చట్టం అండ అంత గట్టిగా దొరకదని చెప్పవచ్చు. వెయ్యి రూపాయల గుర్రపు ఉదాహరణకు కొనసాగింపుగా, ఒప్పుకోలు మనస్ఫూర్తిగా జరగలేదని అమ్మినవాళ్ళు అంటే, ధర అంత తక్కువగా ఉండడాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవాలని కూడా 25వ సెక్షన్ చెబుతుంది.

వినియోగదారుల రక్షణ చట్టం ఇక్కడ పనికిరాదు. అది కొనేవాళ్ళ కోసం చేసినది. దుకాణదారుకు తన వస్తువు అమ్ముకున్న పేదరాలు ఆ చట్టం దృష్టిలో వినియోగదారు కాదు.

నేలలో దొరికిన వాటి సంగతి వేరు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. హక్కుదారులెవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవారికి మూడు పాళ్ళు, భూమి యజమానికి ఒక పాలు. అయితే ప్రభుత్వం ఆ నిధిని తానే తీసుకోదలిస్తే లోహపు విలువ, దానికి పైన అందులో అయిదో వంతు చెల్లిస్తే సరిపోతుంది. కోటిలింగాల సీసపు బిళ్ళలకు ఈ సూత్రం పెడితే ఎంత వస్తుందో ఊహించవచ్చు. చట్టాన్ని నమ్మి నిధిని అప్పగించిన రైతుకు కూడా తూకం లెక్కనే కట్టే వీలు చట్టంలో ఉన్నప్పుడు, వెండి దుకాణదారును ఒక్కడినే తప్పు పట్టడం న్యాయం కాదు. నిధులు కలెక్టరు దాకా రాకుండా రాత్రికి రాత్రే మాయం కావడానికి ఈ సూత్రమూ ఒక కారణమై ఉంటుంది.

1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం 1976 నుంచి అమల్లోకి వచ్చింది. నూరేళ్ళు దాటిన శిల్పాలు, చిత్రాలు, నాణేలు, 75 ఏళ్ళు దాటిన విలువైన రాతప్రతులు దాని కిందికి వస్తాయి. వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి, కొన్ని రకాలను నమోదు చేయించాలి, ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపకూడదు. అమ్మేవాళ్ళకు దక్కవలసిన ధర గురించి ఆ చట్టంలో ఏమీ లేదు.

పాత ధర్మశాస్త్రాలు, పాత తీర్పులు

పూర్వులు ఈ విషయంలో మనకన్నా సున్నితంగా ఆలోచించారు. కొన్నవాళ్ళు గానీ అమ్మినవాళ్ళు గానీ మనసు మార్చుకుంటే పదిరోజుల్లోగా బేరాన్ని తిప్పుకోవచ్చని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. ధర్మశాస్త్రం దీన్ని ఒక ప్రత్యేక వివాదపదంగా లెక్కించింది. కౌటిల్యుడి అర్థశాస్త్రం ఇంకా లోతుకు వెళ్ళి, వ్యాపారులకు ఒక రాత్రి, సేద్యగాళ్ళకు మూడు రాత్రులు, పశుపాలకులకు అయిదు రాత్రులు గడువిచ్చింది. బజారుకు దూరంగా బతికేవాళ్ళకు ఎక్కువ గడువు. ధర తెలుసుకోవడానికి వాళ్ళకు ఎక్కువ సమయం పడుతుందన్న ఎరుక ఆ వరుసలో కనిపిస్తుంది. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర రాసింది ఈ ప్రాంతాన్ని కూడా ఏలిన కల్యాణి చాళుక్యుల కొలువులో. పదమూడో శతాబ్దంలో కేతన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

ఇస్లాం ధర్మంలోని ఒక నియమం పసుపు గంజ్ తెలిసినవాళ్ళకు వెంటనే మనసుకెక్కుతుంది. సరుకుతో వచ్చే బిడారుకు ఎదురువెళ్ళి, అది బజారుకు చేరకముందే కొనవద్దని ప్రవక్త నిషేధించినట్టు హదీసులు చెబుతాయి. అలా కొంటే, అమ్మినవాడు బజారుకు వచ్చి ధర తెలుసుకున్నాక బేరాన్ని రద్దు చేసుకునే హక్కు అతనికి ఉంటుంది. ఊళ్ళోకి వచ్చి కల్లంలోనే సరుకు కొనే దళారి, ఇంటికి వచ్చి పెట్టె తెరిపించే దళారి ఈ నియమం కింద ఒకటే. ప్రవక్త సహచరుల్లో ఒకరైన జరీర్ బిన్ అబ్దుల్లా గురించి ఒక కథనం ఉంది. ఆయన మనిషి మూడు వందల దిర్హాములకు ఒక గుర్రాన్ని బేరమాడి తెస్తే, నీ గుర్రం అంతకన్నా మంచిదని అమ్మేవాడికే చెబుతూ, నాలుగు వందలా, అయిదు వందలా అని తానే పెంచుకుంటూ ఎనిమిది వందలు చెల్లించాడట. రోమన్ రచయిత సిసిరో కూడా, స్కెవోలా అనే న్యాయవేత్త ఒక భూమిని కొంటూ, ఇది అంతకన్నా ఎక్కువ చేస్తుందని అడిగినదానికి లక్ష నాణేలు కలిపి ఇచ్చాడని రాశాడు. అప్పటి జనం అతన్ని మంచివాడన్నారట గానీ తెలివైనవాడనలేదట.

మన కాలపు తీర్పులు మాత్రం కొన్నవాళ్ళ వైపే మొగ్గుతున్నాయి. ఫ్రాన్సులో ఒక మహిళ 1986లో బాల్డూస్ అనే పందొమ్మిదో శతాబ్దపు ఫొటోగ్రాఫరు తీసిన 50 చిత్రాలను ఒక్కోటి వెయ్యి ఫ్రాంకులకు వేలంలో అమ్మింది. మూడేళ్ళకు ఆమే కొన్నాయనను వెతుక్కుంటూ వెళ్ళి అదే ధరకు మరికొన్ని ఇచ్చింది. ఆ పేరుకు ఉన్న ఖ్యాతి ఆయనకు తెలుసు, ఆమెకు తెలియదు. కొన్నాయనకు చెప్పవలసిన బాధ్యత లేదని ఫ్రాన్సు అత్యున్నత న్యాయస్థానం 2000 మే 3న తేల్చింది. 2016లో సవరించిన అక్కడి పౌరస్మృతి ఒప్పందాల్లో సమాచారం చెప్పే బాధ్యతను చేర్చింది గానీ, వస్తువు విలువ ఎంతన్న అంచనాను అందులోంచి మినహాయించింది. ఆ తరువాతిదే ఆఫ్రికా ముసుగు కేసు. ఒక వృద్ధ దంపతులు అటకమీది ముసుగును 150 యూరోలకు పాత సామాన్ల వ్యాపారికి ఇచ్చారు. గాబన్ దేశపు ఫాంగ్ జాతిది అది. 2022లో మోంపెల్యే వేలంలో 42 లక్షల యూరోలు పలికింది. 2023 డిసెంబరులో అలెస్ కోర్టు వ్యాపారి పక్షానే తీర్పు చెప్పింది. ముసుగు అసలు మాదంటూ వచ్చిన గాబన్ ప్రభుత్వపు మాటా నెగ్గలేదు. వలస పాలనలో ఆ దంపతుల పూర్వీకుడు అధికారిగా ఉండి తెచ్చిన వస్తువది. తెలియక అమ్మినవాళ్ళ వెనుక, ఎవరూ అడగకుండానే పోగొట్టుకున్నవాళ్ళు ఇంకొకరు ఉన్నారన్నమాట.

గీత ఎక్కడ

కొనేవాళ్ళ వాదనలో బలం లేకపోలేదు. ఐన్ అక్షరం పొడవు గుర్తుపట్టడానికి పడిన శ్రమకు ఫలం ఉండకపోతే ఎవరూ నేర్చుకోరు. నేర్చుకునేవాళ్ళు లేకపోతే నాణేలన్నీ కొలిమికే పోతాయి. కష్టపడి సంపాదించిన జ్ఞానాన్ని ఊరికే పంచాలని చట్టం బలవంతపెట్టకూడదని అమెరికా న్యాయశాస్త్రవేత్త ఆంథొనీ క్రోన్‌మన్ 1978లో వాదించాడు. పైగా పదిసార్లు కొంటే తొమ్మిదిసార్లు నకిలీయో, మామూలుదో చేతికొస్తుంది. ఆ నష్టాన్ని అమ్మినవాళ్ళు పంచుకోరు.

అయినా కొన్ని పరిస్థితుల్లో ఈ వాదన నిలవదు. అమ్మేవాళ్ళు నోరు తెరిచి అడిగినప్పుడు నిజం చెప్పాలి. వస్తువు ఏమిటో తెలుసుకోవడానికే నీ దగ్గరకు వచ్చినప్పుడు, అంటే నిన్ను నిపుణుడిగా నమ్మినప్పుడు, నీవు కొనుగోలుదారువు మాత్రమే కావు, సలహాదారువు కూడా. ఆ రెండు వేషాలు ఒకేసారి వేయకూడదు. ధర చెప్పి, వేరేవాళ్ళకు అమ్ముకోమనాలి, లేదా ఇంకొకరి చేత ధర కట్టించి కొనాలి. అమ్మేవాళ్ళు దవాఖాన బిల్లు కోసం అమ్ముతున్నప్పుడు వాళ్ళ ఒప్పుకోలును మనస్ఫూర్తిగా చేసినదనడం కష్టం. ఇక తానే ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళ బాధ్యత, సంతలో కుప్పలోంచి ఏరుకున్నవాళ్ళ బాధ్యత కన్నా చాలా ఎక్కువ. సంతలో అమ్మేవాడు తన ధర తానే పెట్టి, వందమంది కళ్ళముందు ఉంచాడు. ఆబిడ్స్ కాలిబాట మీద పాతిక రూపాయలకు దొరికిన తొలి ముద్రణ పుస్తకానికి ఎవరికీ బాకీ పడినట్టు కాదు. వితంతువు ఇంటి అటకమీంచి అదే పాతిక రూపాయలకు దించిన తాళపత్రం అలాంటిది కాదు.

తెలియనివాళ్ళకు తెలిసినట్టు నమ్మించే మోసం కూడా ఇటీవల బాగా పెరిగింది. వైష్ణోదేవి బొమ్మ ఉన్న నాణెం లక్షలు చేస్తుందనే వీడియోలు చూసి, అది కొంటామన్నవాళ్ళకు ముందుగా రుసుము కట్టి పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో. రిజర్వు బ్యాంకు పేరు వాడుకుంటూ పాత నోట్లు, నాణేలు కొంటామని వచ్చే ప్రకటనలను నమ్మవద్దని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. బియ్యపు గింజలను లాగే మహిమ ఉందంటూ పాత రాగి పాత్రలను, ఈస్టిండియా కంపెనీ నాణేలను అంటగట్టే రైస్ పుల్లింగ్ ముఠాలను రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులూ పదేపదే పట్టుకున్నారు. ఒకచోట విలువైనది తూకానికి పోతుంటే, ఇంకోచోట తూకానికి కూడా కొరగానిది లక్షలకు అంటగడుతున్నారు. సరైన ధర చెప్పే నమ్మకమైన చోటు లేకపోవడమే రెంటికీ మూలం.

గంజ్ నేర్పినది

నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు కుప్పలుగా పోస్తారు. కాడి వేరు, గోళ వేరు. కొనేవాళ్ళు కొమ్మును విరిచి లోపలి రంగు చూస్తారు. 2016 ఏప్రిల్‌లో దేశంలోని మార్కెట్లను కలిపే ఆన్‌లైన్ వేదిక ఈ-నామ్ మొదలైనప్పుడు తొలి విడత మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి. మహారాష్ట్రలోని సాంగ్లీలో ధర ఎంత ఉందో ఇక్కడి రైతు ఫోనులో చూసుకుంటాడు, నచ్చకపోతే సరుకు అక్కడికే తోలుకుపోతాడు. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు ఈ ఊరు కేంద్రంగా మొదలైంది. ఈ ఏర్పాట్లలో లోపాలు లేవని కాదు, ధర గిట్టక రైతులు రోడ్డెక్కిన రోజులు చాలా ఉన్నాయి. కానీ ధర తెలియకపోవడం రైతు తప్పని ఇక్కడ ఎవరూ అనరు. ధర చెప్పడం ఒక ఏర్పాటు చేయవలసిన పని అని అందరూ ఒప్పుకున్నారు.

పాత వస్తువులకూ అలాంటి ఏర్పాటు చేయడం పెద్ద ఖర్చు కాదు. తిలక్ గార్డెన్‌లోని జిల్లా మ్యూజియం వంటి చోట నెలకొక రోజు నాణేలు, కాగితాలు తెలిసినవారు కూర్చుని, తెచ్చినవాళ్ళకు అది ఏమిటో, సుమారుగా ఎంత చేస్తుందో చెబితే చాలు. చెప్పేవాళ్ళు కొనకూడదు, అదొక్కటే షరతు. ఇంగ్లండులో మ్యూజియాలతో పనిచేసే అధికారులు పొలాల్లో దొరికిన వస్తువులను చూసి నమోదు చేసే పథకం 1997 నుంచి నడుస్తోంది. అక్కడ నిధిగా తేలిన వస్తువుకు నిపుణుల సంఘం బజారు ధరను కడుతుంది, మ్యూజియం ఆ మొత్తాన్ని చెల్లిస్తుంది. మన చట్టంలోని లోహపు విలువ, దాని మీద అయిదో వంతు అనే సూత్రం మారాలంటే ఆ పద్ధతి చూడవలసినది.

సేకరణదారులు చట్టం మారేదాకా ఆగనక్కరలేదు. కొన్న ప్రతి వస్తువుకు రసీదు రాసి, అందులో ఊరి పేరు, దొరికిన తీరు నమోదు చేయవచ్చు. పెద్ద ధరకు తిరిగి అమ్మితే మొదట అమ్మినవాళ్ళకు వాటా ఇస్తామని అదే కాగితం మీద రాయవచ్చు. ఇది వింత ఆలోచన ఏమీ కాదు. చిత్రకారుడి అసలు చిత్రమో, రచయిత చేతిరాత ప్రతో పదివేల రూపాయలకు మించి తిరిగి అమ్ముడుపోతే అందులో పది శాతం మించకుండా ఆ కళాకారుడికి వాటా రావాలని భారత కాపీరైటు చట్టంలోని 53ఎ సెక్షన్ 1994 సవరణ నుంచి చెబుతోంది. చేతులు మారాక పెరిగిన విలువలో మొదటివారికి పాలు ఉంటుందని చట్టం ఒకచోట ఒప్పుకుంది. తరతరాలుగా ఆ వస్తువును పెట్టెలో దాచి కాపాడిన ఇంటివాళ్ళకు ఆ పాలు ఇంకా చేరలేదు.